ఇరవైకి ఇరవై తప్పులు

వంటింట్లో పొగ లాగే ఫ్యాను గిర్రున తిరుగుతోంది. పొయ్యి మీద మాత్రం గిన్నె లేదు.

ఆ ఇంట్లో ఆ ఫ్యానుకి రెండు పనులు. ఎండు మిరపకాయలు వేయించేటప్పుడు ఘాటు బయటికి పంపడం ఒకటి. టాన్ మాస్టారు చెయ్యి లేపినప్పుడు ఆ చప్పుడు పై వాటా వాళ్ళకీ కింది వాటా వాళ్ళకీ వినబడకుండా చూడడం రెండోది. ఈ రెండో పని కోసం దాన్ని వేసేది మాస్టారి తల్లి. ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. కొడుకు కుర్చీ వెనక్కి నెట్టిన చప్పుడు వినబడితే చాలు, చెయ్యి దానంతటదే స్విచ్చి మీదికి పోతుంది.

"ఆఖరుసారి అడుగుతున్నా," అన్నాడు టాన్ దెగుయి. "జవాబుల కార్డులో వరస జారిందా, లేదా?"

"జారలేదు నాన్నా," అంది రుయి.

కర్ర ఆమె ఎడమ అరచేతి మీద పడింది. బాల్కనీలో బట్టలు ఆరేసే వెదురు కర్ర అది. అప్పటికే కొస చీలిపోయింది. పడ్డ చోటల్లా చర్మాన్ని పట్టుకుని లేస్తోంది. రుయి పళ్ళు బిగబట్టింది గానీ చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

దెబ్బలన్నీ ఎడమ చేతికే. ఎంత ఉగ్రంలో ఉన్నా దెగుయి ఆ ఒక్క లెక్క మాత్రం తప్పడు. కుడి చెయ్యి రాసే చెయ్యి. స్కూలు గేటు దగ్గర ఎర్ర బోర్డు మీద ఆ పొద్దున్నే అంకె మార్చారు, ముప్ఫై ఎనిమిది అని. ఇంకా ముప్ఫై ఎనిమిది రోజుల్లో యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష. అందాకా పిల్ల కుడి చెయ్యి దేశం సొత్తు. ఎడమ చెయ్యి మాత్రం తండ్రిది.

లాన్‌ఫెన్ గుమ్మంలోనే నిలబడిపోయింది. స్కూలు గేటు పక్కన లాటరీ కొట్లో కూర్చుంటుందామె. వారం మొత్తానికి ఆదివారం మధ్యాహ్నం ఒక్క పూటే పిల్లలకి విడుపు. కూతురికి ఇష్టమని బియ్యపు నూడుల్సు కట్టించుకుని పరుగున వచ్చింది. ఆ పొట్లం ఇంకా చేతిలోనే వేడిగా ఉంది.

"జారిందని ఒక్క ముక్క అనవే," అంది ముసలమ్మ వంటింట్లోంచి. "నోట్లో ముత్యాలు రాలిపోతాయా? వచ్చిన దగ్గర్నుంచీ ఇదే గోల."

శుక్రవారం స్కూలు పెట్టిన నమూనా పరీక్ష ఫలితాలు వచ్చాయి. రుయికి అన్నిట్లో ఎప్పటిలాగే మంచి మార్కులు. ఇంగ్లీషులో వ్యాసానికి దాదాపు పూర్తిగా వేశారు. రీడింగ్‌లో మాత్రం సున్నా. నాలుగు ప్యాసేజీలు, ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు ఇచ్చి ఒకటి ఎంచుకోమన్నారు. ఇరవైకి ఇరవై తప్పు.

ఇంకెవరి పిల్ల అయినా పెద్ద వింత కాదు. కానీ ఆ స్కూల్లో ఇంగ్లీషు విభాగానికి పెద్ద టాన్ దెగుయి. మూడు జవాబులు పొడుగ్గా ఉండి ఒకటి పొట్టిగా ఉంటే పొట్టిదాన్ని పట్టాలి, మూడు పొట్టివై ఒకటి పొడుగైతే పొడుగుదాన్ని పట్టాలి, ఏదీ తోచకపోతే సి పెట్టి ముందుకు పోవాలి అంటూ ఆయన చేయించిన పలక ప్రతి తరగతి గోడకీ వేలాడుతుంది. ప్యాసేజీ అర్థం కాకపోయినా మార్కులు తెప్పించే మొనగాడని చుట్టుపక్కల నాలుగూళ్ళలో పేరు. అలాంటివాడి కన్నకూతురికి ఆ సబ్జెక్టులోనే గుండుసున్నా వస్తే స్టాఫ్ రూములో టీ కప్పుల వెనక ఎన్ని మూతులు నవ్వి ఉంటాయో చెప్పక్కర్లేదు.

"వరస జారింది," అన్నాడు దెగుయి అక్కడికక్కడే. మొదటి జవాబు రెండో గడిలో, రెండోది మూడో గడిలో నింపుకుంటూ పోయిందన్నమాట. ఏటా ఎవడో ఒకడు చేసే తప్పే. అందరూ తలలూపారు. ఇక మిగిలిందల్లా, ఐదింటికి రుయి క్లాసు టీచరు గు ఇంటికి వచ్చినప్పుడు పిల్ల తన నోటితో ఆ మాట అనడం. పిల్ల అనడం లేదు.

"చాలండి," అంది లాన్‌ఫెన్. "ఐదింటికి గు వస్తుంది. ఆ చెయ్యి చూస్తే మీకే తలవంపులు."

దయ గురించి ఆమె ఎప్పుడూ ఎత్తదు. ఆయన దగ్గర చెల్లేది పరువు ఒక్కటేనని పదిహేనేళ్ళలో నేర్చుకుంది.

"నువ్వా నాకు చెప్పేది? గీకుడు టికెట్లు అమ్ముకునేదానివి. నాలుగు ఇంగ్లీషు అక్షరాలు వరసగా చెప్పు చూద్దాం!"

"నాకెక్కడ వచ్చు. పిల్లని వదలండి."

"వదులుతా. వరస జారిందని చెప్పమను, వదులుతా."

"జారలేదు," అంది రుయి మళ్ళీ, అడగకుండానే.

ఈసారి కర్ర తల మీదికి లేచింది. లాన్‌ఫెన్ పొట్లం పడేసి కర్ర చివర పట్టుకుంది. చీలిక ఆమె అరచేతిలో దిగింది. దెగుయి ఒకసారి లాగాడు, రెండోసారి లాగాడు. ఆమె వదల్లేదు. ఆ పెనుగులాటలో ఆయనకి ఏమనిపించిందో, కర్ర తనే వదిలేసి బల్ల మీది వేడినీళ్ళ ఫ్లాస్కు ఎత్తి విసిరాడు.

అది లాన్‌ఫెన్ కాళ్ళ దగ్గర పేలింది. వెండి రేకుల్లాంటి గాజు గదంతా చిమ్మింది. వేడినీళ్ళు ఆమె ఎడమ పాదం మీదుగా పారి, బల్ల కింద రుయి పుస్తకాల సంచీ దాకా వెళ్ళాయి. లాన్‌ఫెన్ నోరు తెరిచింది గానీ కేక రాలేదు. కేక మింగడం కూడా అలవాటే ఆమెకి.

"కార్డే తెస్తా," అన్నాడు దెగుయి రొప్పుతూ. "ఆఫీసు బీరువాలోంచి కార్డే తెచ్చి నీ మొహాన కొడతా. వరస జారిందో లేదో అదే చెబుతుంది."

తలుపు ధడాలున పడింది. వంటింట్లో ఫ్యాను ఆగింది.

ముసలమ్మ సోయా సాసు సీసా పట్టుకుని వచ్చి కోడలి పాదం మీద కుమ్మరించింది. కాలినచోట అదే మందని ఆవిడ నమ్మకం. సీసా పట్టుకున్న చేతికి చివరి రెండు వేళ్ళూ ముడుచుకునే ఉంటాయి, చాచడానికి రావు. ఎప్పుడో చిన్నప్పుడు నూతి గట్టు మీద జారి పడ్డానని, ఎవరూ అడక్కపోయినా చెబుతుంటుంది.

"మీ మామయ్యతో పోలిస్తే వీడు నయం," అని గొణిగి, గాజు ఊడవడానికి చీపురు కోసం వెళ్ళింది.

తల్లీ కూతుళ్ళు మంచం మీద కూర్చున్నారు. లాన్‌ఫెన్ కూతురి అరచేతికి మందు రాసింది. రుయి తల్లి పాదం వంక చూస్తూ కూర్చుంది.

"పోనీ ఒక్కటన్నా రైటు కాలేదేమే," అంది లాన్‌ఫెన్ చివరికి, ఏదో ఒకటి అనాలి గనక. "కళ్ళు మూసుకుని పెట్టినా నాలుగో ఐదో..."

మాట అక్కడే ఆగిపోయింది.

లాటరీ కొట్లో ఆమె కూర్చోబట్టి తొమ్మిదేళ్ళు. గీకుడు టికెట్ల సంగతి ఆమెకి చెప్పక్కర్లేదు. టికెట్ల పట్టీలో ఒకదాని తరవాత ఒకటి గీకుతూ పోతే ఎంత దరిద్రుడికైనా మధ్యలో ఏదో ఒక చిన్నది తగులుతుంది. ఇరవై గీకినా ఒక్కటీ తగలని పట్టీని ఆమె ఒకే ఒక్కసారి చూసింది. తరవాత తేలిందేమిటంటే, అంతకు ముందున్న గుమాస్తా సూదితో మూలలు గీకి చూసుకుని, తగిలేవన్నీ ముందే ఏరి దాచుకున్నాడట. ఒక్కటీ తగల్లేదంటే అక్కడ అదృష్టం లేదని కాదు. ఎక్కడెక్కడుందో ఎవరికో ముందే తెలుసని.

వరస జారినా అంతే. జారిన జవాబులూ గుడ్డిగా పెట్టినవే అవుతాయి. కొన్నయినా తగిలి తీరాలి.

"రుయీ," అంది నెమ్మదిగా. "ఆ ఇరవై నీకు తెలుసు."

రుయి తలెత్తింది. ఏడుపు ఆపుకుంటున్న మొహంలో చిన్న నవ్వొకటి వచ్చి పోయింది.

"నాన్నకన్నా ముందు నువ్వే పట్టేశావు. ఇరవై రెండేళ్ళ నుంచీ రీడింగ్ చెబుతున్నాడు, ఆయనకి తట్టనే లేదు."

"అన్నీ తెలిసే తప్పు పెట్టావా?"

"పంతొమ్మిది ఖాయంగా తెలుసు. పద్దెనిమిదో ప్రశ్న దగ్గర మాత్రం ఎ నా, డి నా అని అనుమానం. ఎందుకైనా మంచిదని బి పెట్టా."

లాన్‌ఫెన్‌కి నవ్వాలో నెత్తి బాదుకోవాలో తెలియలేదు. "ఎందుకే తల్లీ? మతి గానీ పోయిందా నీకు?"

"మార్చిలో ఎండ కాసిన రోజు దుప్పట్లు ఆరేశాం, గుర్తుందా? నీ దుప్పటి గలేబులో ఒక కాగితం దొరికింది. చదివి మళ్ళీ అక్కడే పెట్టేశా."

లాన్‌ఫెన్ చేతిలో మందు గొట్టం జారి మంచం కింద పడింది.

అది విడాకుల ఒప్పందం. లాటరీ కొట్టు బల్ల మీద, గిరాకీ లేని మధ్యాహ్నాల్లో రాసుకుంది. తన సంతకం పెట్టింది. తేదీ కూడా వేసింది, జూన్ పది. పరీక్ష తొమ్మిదో తారీఖున అయిపోతుంది. ఆ ఊళ్ళో అందరూ చేసే పనే అది. పిల్ల పరీక్ష అయ్యేదాకా ఎంత పడనివాళ్ళయినా ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటారు, ఒకరికొకరు కూర వడ్డిస్తారు. పరీక్ష అయిన మర్నాడు రిజిస్ట్రేషను ఆఫీసు ముందు వరస కడతారు. పిల్లల మనసు చెదరకూడదు కదా. కాకపోతే అందరి ఇళ్ళలోనూ అది పడకపోవడం. ఈ ఇంట్లో దెబ్బలు.

"ఆ తేదీ చూసిన రోజు నుంచీ లెక్కపెట్టా," అంది రుయి. "పదకొండుసార్లు. ప్రతిసారీ నువ్వు ముందు నా గది తలుపు మూసి, తరవాత తిన్నావు. నా చదువు పాడవకూడదని."

"ఇంకెన్నాళ్ళే! ముప్ఫై ఎనిమిది రోజులేగా!"

"నీకు ముప్ఫై ఎనిమిది రోజులు. నాకు జన్మంతా. రేపు ఏ యూనివర్సిటీలో కూర్చున్నా నీ వీపు మీదెక్కి కూర్చున్నట్టే ఉంటుంది నాకు."

"అందుకని నువ్వు కొట్టించుకుంటావా?"

"నా చెయ్యి అయితే కనబడుతుందమ్మా. నీవన్నీ చొక్కా కిందే." రుయి తల్లి వైపు తిరిగింది. "నా పరీక్ష కోసమే కదా ఆగావు? సరే, ఆ పరీక్షే లేకుండా చేస్తా. జూన్‌లో కూడా ఇరవైకి ఇరవై తప్పులే పెడతా. నువ్వు ఆ తేదీ మార్చేదాకా. ఒట్టు."

లాన్‌ఫెన్ చెయ్యి లేచింది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. కూతురి చెంప ఛెళ్ళుమంది.

పన్నెండేళ్ళు! తెల్లారుజామున ఐదింటికి లేచి పాలు కాచి, జడ వేసి, జ్వరంలో పుస్తకం చదివి వినిపించమంటే రాని అక్షరాలు కూడబలుక్కుని, పన్నెండేళ్ళు పెంచిన చదువు. దాన్ని ఇది ఇరవై గళ్ళలో పూడ్చేస్తానంటుందా! లాన్‌ఫెన్ గుండె భగ్గుమంది. మరుక్షణమే ఆ చెయ్యి తనదేనా అని చూసుకుంది.

రుయి చెంప పట్టుకోలేదు. కదల్లేదు.

"నాన్న చెయ్యి నీకూ వచ్చేసింది," అంది అంతే.

మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. వంటింట్లో ఫ్యాను మళ్ళీ తిరగడం మొదలెట్టింది.

దెగుయి అరవలేదు. కార్డు బల్ల మీద పెట్టాడు, పక్కన జవాబుల కాగితం పెట్టాడు. కుర్చీ లాక్కుని కూర్చుని కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆ నిదానం లాన్‌ఫెన్‌కి తెలుసు. అరిచినప్పుడు ఆయన్ని ఆపవచ్చు. ఇలా ఉన్నప్పుడు ఎవరూ ఆపలేరు.

"ఒక వరస పైకి జరిపి చూశా," అన్నాడు. "ఐదు కలిశాయి. కిందికి జరిపి చూశా. నాలుగు కలిశాయి. ఉన్నచోటే ఉంచితే ఒక్కటీ కలవలేదు." కళ్ళజోడు పెట్టుకుని కూతురి వంక చూశాడు. "రా, ఇలా కూర్చో."

రుయి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నన్ను నవ్వులపాలు చెయ్యడానికేనా?"

"కాదు."

"మరెందుకు?"

రుయి తల్లి వంక చూసింది. తల్లి కళ్ళతోనే వద్దంది. "ప్యాసేజీలో రాసి ఉండదు నాన్నా," అంది రుయి. "మీరే చెబుతారుగా, రాయని దాన్ని కూడా చదవాలని."

దెగుయి చెయ్యి చాచి ఆమె కుడి మణికట్టు పట్టుకున్నాడు. కుడి చెయ్యి. ఆ ఇంట్లో ఎన్ని దెబ్బలు పడినా ఎన్నడూ ముట్టని చెయ్యి.

"ఈ చేత్తోనే కదూ నింపావు," అన్నాడు మెల్లగా. రెండో చేత్తో బల్ల సొరుగు పూర్తిగా లాగాడు. పాతకాలపు టేకు బల్ల, రాయిలాంటి సొరుగు. పిల్ల వేళ్ళు దాని అంచు మీదికి ఈడ్చి పెట్టాడు. "ఇది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

"నాన్నా!" అని అరిచింది రుయి. ఆ రోజు మొదటిసారి అరిచింది.

కాలిన పాదంతో మంచం దగ్గర్నుంచి బల్ల దాకా ఎలా వచ్చిందో లాన్‌ఫెన్‌కి తరవాత ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. కూతురి చేతిని భుజంతో నెట్టేసి తన చెయ్యి అక్కడ పెట్టింది. సొరుగు ఆ వేళ్ళ మీద మూసుకుంది. ఎండుపుల్ల విరిగినంత చిన్న చప్పుడైంది. దెగుయి చూసుకోకుండా ఇంకోసారి మోకాలితో తోశాడు.

ఈసారి లాన్‌ఫెన్ కేక మింగలేదు. ఫ్యాను హోరుని మించిపోయింది ఆ కేక.

రుయి తండ్రి చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. ఆయన మోచేత్తో విదిలిస్తే వెళ్ళి గోడకి కొట్టుకుంది. నుదురు చిట్లింది. వంటింటి గుమ్మంలో ముసలమ్మ చీపురు పట్టుకుని నిలబడి ఉంది. కోడలి చేతి వంక చూస్తోంది. కుడి చేతికి చివరి రెండు వేళ్ళు, ఉండకూడని దిక్కుకి తిరిగి ఉన్నాయి.

అప్పుడే తలుపు తట్టారు.

ముసలమ్మ లోపలికెళ్ళి ఫ్యాను ఆపింది. దెగుయి చొక్కా సర్దుకున్నాడు. "ఎవరూ నోరెత్తకండి," అని వెళ్ళి తలుపు తీశాడు.

గు టీచరుకి ముప్ఫై ఏళ్ళుంటాయి. ఒకప్పుడు దెగుయి దగ్గరే చదువుకుంది, ఆయన మాట సాయంతోనే అదే స్కూల్లో ఉద్యోగం తెచ్చుకుంది. చేతిలో కమలాపళ్ళ సంచీ, చంకలో ఫైలు. రెండడుగులు లోపలికి వేసి ఆగింది. నేల మీద ఇంకా మెరుస్తున్న గాజు ముక్కలు, తడి, చీలిన వెదురు కర్ర, పిల్ల నుదుటి మీంచి కారుతున్న నెత్తురు అన్నీ చూసింది. చూసి, కమలాపళ్ళు ఎక్కడ పెట్టాలా అని వెతికింది.

"శ్రమ పడకండి మాస్టారూ, నేనే రాసుకొచ్చేశా," అంది గబగబా. "వరస జారిందని. ఎప్పుడూ మొదట నిలిచే పిల్ల, ప్రిన్సిపాల్ గారు కూడా సరేనన్నారు. మార్కులు సరిచేస్తారు, పై సెక్షన్‌లోనే ఉంటుంది. మీరు స్టాఫ్ గనక మీ సంతకం చెల్లదట. అమ్మగారు చేస్తే చాలు."

కాగితం లాన్‌ఫెన్ ముందు పెట్టింది. పక్కన పెన్ను పెట్టింది. అమ్మగారి చేతి వంక మాత్రం చూడలేదు.

"చెయ్యి లాన్‌ఫెన్," అన్నాడు దెగుయి ఎంతో మృదువుగా. "ఎడం చేత్తో అయినా పరవాలేదు. ఒక గీత గియ్యి."

ఒక్క గీత. అది గీస్తే కూతురి స్థానం నిలుస్తుంది, ఆయన పరువు నిలుస్తుంది, ముప్ఫై ఎనిమిది రోజులు ఎలాగో గడుస్తాయి. ఈ ఊళ్ళో ఏ తల్లయినా గీస్తుంది. లాన్‌ఫెన్ రుయి వంక చూసింది. నుదుటి నెత్తురు కంట్లోకి దిగుతున్నా పిల్ల రెప్ప వెయ్యడం లేదు. ఒట్టు వేసిన పిల్ల. తండ్రి మొండితనం పుణికిపుచ్చుకున్న పిల్ల. జూన్‌లో అన్నంత పనీ చేస్తుంది.

"గు టీచర్," అంది లాన్‌ఫెన్. "మీరూ రీడింగ్ చెబుతారుగా. ఈ గది చూడండి. ఏం జరిగిందో ఎక్కడా రాసి లేదు. మీకేం అర్థమైంది?"

గు తల దించుకుంది. "అమ్మగారూ, నేను... ఇది మీ ఇంటి విషయం..."

"పోనీ నేనే చెబుతా. మా ఆయన నన్ను కొడతాడు. పదిహేనేళ్ళుగా కొడుతున్నాడు. నా పిల్ల వరస జారలేదు. ఇరవై జవాబులూ తెలిసి, నా కోసం ఇరవై తప్పులు పెట్టింది."

ఆ మాట ఆమె అంతదాకా ఏ మనిషి ముందూ అనలేదు. ఎంత తేలిగ్గా వచ్చేసింది! ఇన్నేళ్ళూ ఇంత చిన్న మాటనా మోసింది? సిగ్గూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చి లాన్‌ఫెన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"రుయీ, దుప్పటి గలేబులో కాగితం పట్రా."

"ఏం కాగితం?" అన్నాడు దెగుయి.

రుయి తెచ్చి బల్ల మీద పరిచింది. దెగుయి మొదటి వరస చదివాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"జూన్ పది కొట్టేసి ఇవాల్టి తేదీ వెయ్యి," అంది లాన్‌ఫెన్. "నా వేళ్ళు పనిచెయ్యవు. నీ కుడి చెయ్యి బాగానే ఉందిగా."

రుయి పెన్ను తీసుకుంది. జూన్ పది మీద అడ్డంగా ఒక గీత గీసింది.

దెగుయి బల్ల దగ్గరికి రాలేదు. వెనక్కి నడిచి తలుపు దగ్గరికి వెళ్ళాడు. గడియ పెట్టి, తాళం తిప్పి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"గు, నువ్వు ఆ కుర్చీలో కూర్చో. నువ్విక్కడ ఏమీ చూడలేదు," అన్నాడు. వంగి చీలిన కర్ర అందుకున్నాడు. "అమ్మా, ఫ్యాను వెయ్యి."

రుయి ఏప్రిల్ అని రాసి, ముప్ఫై అని రాస్తోంది.

"అమ్మా! నిన్నే! ఫ్యాను!"

వంటింటి గుమ్మంలో ముసలమ్మ స్విచ్చి పక్కనే నిలబడి ఉంది. ముడుచుకున్న రెండు వేళ్ళని రెండో చేత్తో పట్టుకుని ఉంది. పై వాటాలో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు, కింది వాటాలో రేడియో, అన్నీ స్పష్టంగా వినబడుతున్నాయి.

ఫ్యాను తిరగలేదు.